సెయింట్ లూసియా కోకో తోటకు దక్షిణపు దారిన వెళ్లండి

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటున్నాం. మా అత్తయ్యగారు, మామయ్యగారు మే నెలలో ద్వారకా తిరుమల దగ్గరి మా ఊరి నుంచి వస్తున్నారు. మామయ్యగారికి కొబ్బరి తోటలో అంతర పంటగా కోకో ఉంది. కరీబియన్ సముద్రంలోని సెయింట్ లూసియా ద్వీపంలో, వాన అడవి మధ్య, పాత కోకో ఎస్టేటునే హోటల్‌గా మార్చిన చోటు ఉందని తెలిసి, అక్కడ నాలుగు రాత్రులు గడపాలనుకుంటున్నాం. మావారికి ఆగస్టులో సెలవు. విమానాశ్రయంలో కారు అద్దెకు తీసుకుని, మొదటి రోజే ద్వీపం చుట్టివచ్చి సాయంత్రానికి హోటల్ చేరాలని, తర్వాత రోజుకొక మూల చూడాలని ఆయన ఆలోచన. మ్యాపులో చూస్తే ద్వీపం చిన్నదే. అయితే వెళ్లివచ్చిన స్నేహితులు ఆ రోడ్ల మీద కారు నడపవద్దంటున్నారు. మావారికి అమెరికాలో తప్ప ఇంకెక్కడా నడిపిన అలవాటు లేదు. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, ఘాట్ రోడ్డులో వాంతులు. గుడ్డు కూడా ముట్టరు. మా ఇద్దరివీ హెచ్-1బి వీసాలు. నా పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరింది కానీ ఐ-797 కాగితం ఉంది. వెళ్లవచ్చా? వెళితే ఏ దారిలో వెళ్లాలి? (పేరు ప్రచురించవద్దు.)

సమాధానం: అమ్మా, మీరు చివర రాసిన విషయాన్నే ముందు తీసుకుంటాను. అది తేలకుండా మిగతావి మాట్లాడుకుంటే ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టే ఉంటుంది.

ఐ-797 కాగితం మీరు అమెరికాలో ఉండి పని చేసుకోవడానికి అనుమతి. దేశం దాటితే తిరిగి రావడానికి మాత్రం పాస్‌పోర్టులో గడువున్న స్టాంపు ఉండాలి. గడువు తీరిన స్టాంపుతో కెనడా, మెక్సికోలకు వెళ్లి 30 రోజుల లోపు తిరిగి రావడానికి ఒక వెసులుబాటు ఉంది. దాన్ని చూసి, కరీబియన్ కూడా పక్కనే కదా అని కొందరు ధైర్యం చేస్తుంటారు. పొరుగు ద్వీపాలకు ఆ వెసులుబాటు ఎఫ్ (విద్యార్థి), జె (మార్పిడి కార్యక్రమాల) వీసాల మీద ఉన్నవారికే. హెచ్-1బి వారికి వర్తించదు. స్టాంపు లేకుండా మీరు సెయింట్ లూసియాకు వెళితే, సెలవు ముగిశాక మీవారు న్యూజెర్సీకి, మీరు ఇండియాకు విమానం ఎక్కవలసి రావచ్చు. అత్తయ్యగారు, మామయ్యగార్ల వీసాలు పలుమార్లు ప్రవేశానికి పనికివచ్చేవేనా అన్నది కూడా ఇప్పుడే చూసుకోండి. తిరిగి అమెరికాలో దిగాక ఎన్నాళ్లు ఉండవచ్చో చెప్పే వాళ్ల ఐ-94 పత్రంలో ఏ తేదీ పడిందో మరిచిపోకుండా చూడండి.

ఈలోగా స్టాంపు వేయించుకునే వీలు లేకపోతే ప్యూర్టో రికోకు వెళ్లండి. అది అమెరికా భూభాగం, దేశం దాటినట్టు కాదు. పాస్‌పోర్టు, ఐ-797 మాత్రం వెంట ఉంచుకోండి, విమానాశ్రయంలో అడగవచ్చు. అక్కడ అడ్జుంటాస్, హయూయా కొండల్లో పాత కాఫీ ఎస్టేట్లు ఉన్నాయి, కారు కూడా కుడిపక్కనే నడుపుతారు. మామయ్యగారికి కోకో బదులు కాఫీ చూపించిన వారవుతారు, అంతే తేడా.

స్టాంపు సంగతి చక్కబడిందనుకుని మిగతాది రాస్తున్నాను. సెయింట్ లూసియా ప్రవేశ నిబంధనలు, ముందుగా నింపవలసిన ఫారం భారత పాస్‌పోర్టుకు ఈ నెలలో ఎలా ఉన్నాయో టికెట్ కొనే ముందు ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైటులోనే చూడండి. రెండేళ్ల క్రితం వెళ్లివచ్చిన స్నేహితుల మాట దీనికి పనికిరాదు.

ఇక ఆగస్టు. తుఫాన్ల కాలం జూన్ నుంచి నవంబరు దాకా, అందులో ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు గట్టివి. సముద్రం ఎలా ఉంటుందో అటుంచి, నాకు ఆ కొండల గురించే బెంగ. 2010 అక్టోబరు చివర టోమాస్ తుఫాను వచ్చినప్పుడు సూఫ్రియేర్ పట్టణం పైనున్న ఫాన్ సెయింట్ జాక్ కొండవాలు జారి ఇళ్ల మీద పడింది, రోడ్లు తెగి పల్లెలకు పల్లెలే విడిపోయాయి. మీరు రాసినలాంటి కోకో తోటలు ఉన్నది ఆ చుట్టుపక్కలే. ఏటా అలా జరుగుతుందని కాదు, పెద్దవాళ్లను వెంటబెట్టుకుని ఆ అదృష్ట పరీక్ష ఎందుకు? మీవారి సెలవు మే చివరికో, జూన్ మొదటి పక్షానికో జరపగలిగితే జరపండి. వాన పడినా పడి వెలిసే వానే ఎక్కువగా ఉంటుంది. పైగా సూఫ్రియేర్ వైపు అది మామిడిపండ్ల కాలం, కనుక మామయ్యగారు అభ్యంతరం చెప్పరు.

మ్యాపు సంగతికి వద్దాం. ద్వీపం పొడవు సుమారు 43 కిలోమీటర్లు, వెడల్పు ఎక్కడైనా 23 దాటదు. దాన్ని చూసి మీవారు మొదటి రోజే చుట్టిరావచ్చని లెక్క వేశారు. ఆ మ్యాపులో మధ్యనున్న పచ్చరంగు చూశారా? అదంతా కొండ. నడుమ గీమీ శిఖరం 950 మీటర్లు. ఆ అడవిని సూటిగా చీల్చుకుపోయే కారు దారి లేదు. రోడ్లన్నీ తీరం వెంట, లోయలోకి దిగుతూ, గట్టు ఎక్కుతూ, మళ్లీ దిగుతూ పోతాయి. న్యూయార్క్ నుంచి వచ్చే విమానాలు దిగేది ద్వీపం దక్షిణపు కొసన, వ్యూ ఫోర్ట్ దగ్గరి హెవనోరా విమానాశ్రయంలో. అక్కడి నుంచి తూర్పు తీరం పట్టుకుని మీకూ అనే ఊరు, డెన్నరీ మీదుగా బార్ దు లీల్ కొండగట్టు దాటి రాజధాని కాస్ట్రీస్ చేరడానికే గంటకు పైగా పడుతుంది. కాస్ట్రీస్ నుంచి పడమటి తీరం వెంట ఆన్స్ లా రే, కానరీస్ మీదుగా సూఫ్రియేర్‌కు ఇంకో గంటన్నర. ఎక్కడా ఆగకుండా, ఎవరికీ వాంతి కాకుండా అయితేనే ఈ లెక్క. దాదాపు అయిదు గంటల విమానం దిగిన వాళ్లకు ఇది మొదటి మధ్యాహ్నం చేయదగ్గ పని కాదు. పగలు మిగలదు కూడా: ఉష్ణమండలంలో సూర్యుడు తాపీగా అస్తమించడు. జూన్‌లో సైతం సాయంత్రం ఆరున్నర దాటిందంటే చీకటి పడుతుంది.

సూఫ్రియేర్ వైపు ఎస్టేటుకైతే హెవనోరా నుంచి దక్షిణపు దారి ముప్పావు గంట, నింపాదిగా పోతే గంట. లాబొరీ, ష్వాజెల్ మీదుగా వెళుతుంది. నా సలహా ఈ ఒక్క మాటే: కారు తీసుకోండి, కానీ అది మిమ్మల్ని విమానాశ్రయం నుంచి తోటకు, తోట నుంచి సూఫ్రియేర్‌కు తిప్పడానికే. ద్వీపం ఉత్తర సగం ఊరివాడైన డ్రైవరుకు అప్పగించండి, లేదా ఈసారికి వదిలేయండి.

మీ స్నేహితులు భయపెట్టినంత ఘోరంగా రోడ్లు లేవు. తారు బాగానే ఉంటుంది. ఇబ్బంది వేరే చోట. అక్కడ ఇండియాలోలా ఎడమపక్కన నడపాలి. చాలా మేరకు రోడ్డుకు అంచు అన్నది ఉండదు. తారు ఎక్కడ అయిపోతుందో అక్కడే లోతైన సిమెంటు కాలువ మొదలవుతుంది. వానలు ఎక్కువ కనుక నీరు పోవడానికి కట్టినవి. ఎదురుగా మినీబస్సు వేగంగా వచ్చిందని కంగారుపడి పక్కకు ఒరిగితే ఎడమ చక్రం కాలువలో ఉంటుంది. కుడిపక్క నడిపి అలవాటైన వారికి కారు ఎడమ వైపు వెడల్పు అందదు, అద్దె కార్ల ఎడమ అద్దాలు గీసుకుపోయేది అందుకే. మలుపు కనబడని చోట హారన్ కొట్టడం అక్కడ మర్యాద, అమెరికాలోలా తిట్టు కాదు. ఎదుటివాడు ఆగి దారిచ్చినా హారన్‌తోనే కృతజ్ఞత చెబుతారు. ఈ భాష మామయ్యగారికి ఎవరూ నేర్పనక్కరలేదు.

నిజానికి మీ నలుగురిలో ఎడమపక్కన నడిపిన అనుభవం ఆయనకే ఉంది. స్టీరింగ్ ఆయన చేతికివ్వమని అనను. అద్దె సంస్థలు వయసుకు పరిమితి పెడుతుంటాయి, దూర ప్రయాణపు అలసట సరేసరి. ఆయనను ముందు సీట్లో కూర్చోబెట్టండి. కూడలి వచ్చినప్పుడల్లా "ఎడమకు, ఎడమకు" అనే మనిషి పక్కన ఉండటం మీవారికి ఎంతో మేలు. బయలుదేరగానే కొండ ఎక్కకుండా, విమానాశ్రయం చుట్టూ వ్యూ ఫోర్ట్ మైదానంలో అరగంట అటూ ఇటూ తిరిగి చేయి అలవాటు చేసుకోమనండి. ద్వీపంలో చదునైన నేల అరుదు, అది మీరు దిగేచోటే ఉండటం అదృష్టం. ఆటోమేటిక్ గేర్ల కారే అడగండి. మీ అమెరికా లైసెన్సు మీద అక్కడి తాత్కాలిక అనుమతి పత్రం అద్దె సంస్థే కొద్దిపాటి రుసుముతో ఇప్పిస్తుంది. పెట్రోలు వ్యూ ఫోర్ట్‌లోనే నింపుకోండి. డబ్బు తూర్పు కరీబియన్ డాలర్లలో; 1976 నుంచి అమెరికా డాలరుకు 2.70 చొప్పున స్థిరంగా ఉంది. అమెరికా నోట్లు తీసుకుంటారు కానీ చిల్లర స్థానిక డబ్బులోనే ఇస్తారు. ధర అడిగినప్పుడు ఏ డాలరో కూడా అడగండి, దాదాపు మూడింతల తేడా అది.

అరగంట నడిపాక కూడా మీవారి భుజాలు బిగుసుకునే ఉంటే మొహమాటపడకుండా కారు తిరిగి ఇచ్చేసి టాక్సీ మాట్లాడుకోండి. పౌరుషానికి పోవలసిన చోటు కాదది.

దారిలో ష్వాజెల్ దగ్గర ఒకసారి ఆగండి. ఆ ప్రాంతం మట్టిపనికి, బుట్టల అల్లికకు పేరుపడ్డది. అక్కడ కోల్ పాట్ అని మట్టితో చేసి అమ్మేది అత్తయ్యగారు చూడగానే గుర్తుపడతారు: మన కుంపటే. బొగ్గులు పోసే గిన్నె, కింద గాలి ఆడటానికి కిటికీ, పైన కుండ ఆనడానికి మూడు ముక్కులు. కొనుక్కుంటానంటే సామాను బరువు గుర్తుచేయండి.

ఎస్టేటు పేరు మీరు రాయలేదు. సూఫ్రియేర్ దగ్గర అతిథులు బస చేసే పాత కోకో తోటల్లో ఫాన్ డూ, రాబో బాగా తెలిసినవి. రాబో 1745 నాటిది, ఇప్పుడు చాక్లెట్ తయారీ సంస్థ చేతిలో ఉంది, ఖరీదైనది. ఫాన్ డూ కూడా ఫ్రెంచివారి కాలపు తోటే. చెక్క కుటీరాలు చెట్ల మధ్య విడివిడిగా ఉంటాయి. ఏదైనా సరే, వాన అడవి అన్న మాటను కొంచెం తగ్గించుకుని వినండి. మీ చుట్టూ కనిపించేది రెండు వందల యాభై ఏళ్లుగా మనిషి చేయి పడిన తోట. అసలు అడవి ఇంకా పైన, ఎడ్మండ్ రక్షిత అడవి వైపు, గైడుతో నడిచి వెళ్లేచోట ఉంది. 1970ల చివర నూరు, నూట యాభైకి పడిపోయి తర్వాత కోలుకున్న సెయింట్ లూసియా చిలుక ఉండేది అక్కడే. అత్తయ్యగారి మోకాళ్లకు అది కుదరదు. మీరిద్దరూ ఒక ఉదయం వెళ్లిరండి, పెద్దవాళ్లు తోటలో ఉంటారు.

ఉంటారన్నది ఊరికే అనలేదు. ఆ తోటను మీకన్నా మామయ్యగారే బాగా చదవగలరు. మన దేశంలో కోకో ఎక్కువగా పండించే రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. అందులోనూ ఏలూరు, పశ్చిమ గోదావరి వైపు కొబ్బరి, పామాయిల్ తోటల కింద వరుసలు తీర్చి నాటినదే. సెయింట్ లూసియాలో వరుసలు ఆశించవద్దని ఆయనకు ముందే చెప్పండి. సీమ పనస, మామిడి, జాజికాయ, అరటి, మధ్యలో కోకో, ఏది ఎవరు ఎప్పుడు నాటారో తెలియనట్టు ఉంటుంది. ఇంత నీడలో కాపేమిటి, కొమ్మలు కత్తిరించరా అని మొదటి పది నిమిషాల్లోనే అడుగుతారు. అడగనివ్వండి. హోటల్ వాళ్లు పర్యాటకులకు చెప్పే అరగంట పాఠంతో ఆయనకు సరిపోదు. బుక్ చేసేటప్పుడే, మాతో కోకో రైతు వస్తున్నారు, తోటలో పనిచేసే మనిషితో ఒక ఉదయం తిరిగే వీలుందా అని రాయండి. ఈ ప్రయాణంలో మీరు చేయగల మంచి పనుల్లో అది మొదటిది.

కాయ కోయడం, పగలగొట్టడం, తెల్ల గుజ్జుతో ఉన్న గింజను పెట్టెలో పోసి అరటి ఆకులు కప్పి దాదాపు వారం పులియబెట్టడం, ఇదంతా ఆయనకు తెలిసిందే. కొత్తది ఆ తర్వాత వస్తుంది. ఎండబెట్టే వెడల్పాటి చెక్క పళ్లేలకు చక్రాలుంటాయి, కింద పట్టాలుంటాయి. మబ్బు పట్టగానే పళ్లేన్ని గింజలతో సహా షెడ్డు కిందికి తోసేస్తారు, వెలవగానే బయటికి లాగుతారు. రోజుకు నాలుగుసార్లు చినుకు పడే చోట టార్పాలిన్ పట్టుకుని పరుగెత్తడం కన్నా ఎంత సుఖమో ఆయనే చెబుతారు. ఎండిన గింజను పెద్ద ఇనుప కాగులో పోసి, కాళ్లు కడుక్కుని అందులోకి దిగి, పాదాలతో రుద్దుతూ తొక్కుతారు. గింజ మెరుపు తేలుతుంది. ఆ కాగులు ఒకప్పుడు చెరకు రసం కాచినవి. ఇప్పుడిది ఎక్కువగా అతిథులకు చూపించడానికే చేస్తారు, మిమ్మల్నీ దిగమంటారు. వేయించిన గింజను వేడిగా ఉండగానే రోట్లో దంచితే అందులోని కొవ్వుతో ముద్ద అవుతుంది. దానికి దాల్చినచెక్క, జాజికాయ కలిపి అరచేతుల మధ్య వేలెడు కడ్డీలుగా చుడతారు. పొద్దున్నే ఆ కడ్డీని తురిమి, బిర్యానీ ఆకు వేసి మరగబెట్టి, పాలు, పంచదార పోస్తే కోకో టీ. గింజ ఎండబెట్టి కొనేవాళ్ల తూకానికి అప్పగించడంతో పని ముగిసే రైతుకు, తన పంట కప్పులోకి వచ్చేదాకా ఒకేచోట చూడటం చిన్న సంగతి కాదు.

ఇంకో సంగతి కూడా ఆ తోటలోనే ఉంది, దాన్ని దాటవేయకండి. ఈ ఎస్టేట్లు నిలిచింది ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషుల చాకిరీ మీద. దొరల ఇంటి వరండాలో కూర్చుని కాఫీ తాగేటప్పుడు ఎవరూ మీకు గుర్తుచేయరు, అందుకే మీరే అడగాలి. ఫ్రెంచివారు, ఆంగ్లేయులు ఈ ద్వీపం కోసం కొట్టుకుని పద్నాలుగుసార్లు చేతులు మార్చుకున్నారని గైడ్లు సరదాగా చెబుతారు. 1814లో అది బ్రిటిషువారికి స్థిరపడింది. బానిసత్వం 1834లో రద్దయి, విడుదల పూర్తిగా అమలయ్యేసరికి 1838. చెరకు తోటలకు కూలీలు చాలక 1859 నుంచి భారతదేశపు ఒప్పంద కూలీలను ఓడల్లో దించారు. 1893 దాకా నాలుగు వేలకు పైగా వచ్చారు; చివరి ఓడ వోల్గా కాస్ట్రీస్ దగ్గర ఒడ్డెక్కి ధ్వంసమైంది. వారిలో ఎక్కువమంది ఉత్తర భారతం వారు. దారిలో మన పోలికలున్న ముఖం కనబడి, ఏ ఊరని అడిగితే ఈ ఊరేనంటారు. నాలుగైదు తరాలు గడిచాయి మరి. ఇండియాలో ఏ రాష్ట్రం అని గుచ్చి గుచ్చి అడగకండి, వాళ్లకూ తెలియదు.

అత్తయ్యగారి విషయం. ముందుగా గది: ఇలాంటి తోటల్లో కుటీరాలు వాలు మీద, రాతి మెట్లతో ఉంటాయి. భోజనశాలకు దగ్గర, మెట్లు తక్కువ ఉన్నది కావాలని రాతపూర్వకంగా అడగండి. ఏసీ ఉందా, దోమతెర ఉందా అన్నదీ కనుక్కోండి. డెంగీ ఉన్న ద్వీపం, ఒంటికి రాసే మందు తప్పనిసరి. రాత్రి చెట్ల కప్పలు, పురుగులు చేసే రొదకు మొదటి రోజు నిద్రపట్టకపోవచ్చు.

భోజనానికి మీరనుకున్నంత కష్టం లేదు. అరటికాయ, చేమదుంప, పెండలం, చిలగడదుంప, సీమ పనస, సీమ వంకాయ, గుమ్మడి, పప్పు, ఇవన్నీ అక్కడి వాళ్లు రోజూ తినేవే. మెనూలో గ్రీన్ ఫిగ్ అని ఉంటే అంజూరం అనుకోకండి, ఉడికించిన అరటికాయ. జాగ్రత్తపడవలసింది కాలలూ సూపుతో: చేమ ఆకుతో చేసే రుచికరమైన సూపే, కానీ అందులో పీతో, ఉప్పులో ఊరవేసిన మాంసమో వేయడం మామూలు. శాకాహారం అంటే చేప తింటారనుకునే వంటవాళ్లూ ఉంటారు. మాంసం, కోడి, చేప, రొయ్య, గుడ్డు ఏదీ వద్దని ఒక్కొక్కటిగా పేర్లు చెప్పండి. కందిపొడి, ఊరగాయ వంటివి మూత తెరవని ప్యాకెట్లలో తీసుకువెళ్లి, అక్కడి కస్టమ్స్ ఫారంలో రాయండి. పచ్చి కూరగాయలు, కరివేపాకు పెట్టెలో పెట్టకండి.

సూఫ్రియేర్ దగ్గర సల్ఫర్ స్ప్రింగ్స్ అని, కారులోనే దగ్గరిదాకా వెళ్లి చూడగలిగే అగ్నిపర్వతపు గుంట ఉంది. బూడిదరంగు నీరు కుతకుతలాడుతూ ఉంటుంది, కుళ్లిన గుడ్డు వాసన కిలోమీటరు ముందే తగులుతుంది. అక్కడికి బయలుదేరే ముందు హోటల్‌లోనే అత్తయ్యగారి వెండి మెట్టెలు, పట్టీలు తీయించి డబ్బాలో గట్టిగా మూసి పెట్టండి. ఆ గాలిలోని గంధకపు వాయువుకు వెండి నల్లబడుతుంది, బురద స్నానంలోకి దిగితే మరీ త్వరగా. మెట్టెలు తీయనంటే గట్టు మీద కూర్చోబెట్టండి, నల్లబడ్డా తర్వాత రుద్దితే పోతుందని సర్దిచెప్పండి. బంగారానికి భయం లేదు. వేడి నీటి గుంటలో పెద్దవాళ్లు, ముఖ్యంగా రక్తపోటు మందు వాడేవారు పది నిమిషాలకు మించి ఉండకపోవడం మంచిది. పాత బట్టలే వేసుకోండి, ఆ వాసన ఉతికినా పోదు.

పిటాన్ శిఖరాలు ఎక్కాలని మీవారు ఉబలాటపడతారు. పెద్ద పిటాన్ గైడుతో ఎక్కవచ్చు కానీ రానూ పోనూ నాలుగైదు గంటలు, మర్నాడు కాళ్లు కదలవు. దగ్గర్లో టెట్ పాల్ అనే కాలిబాట ఉంది. ముప్పావు గంటలో అయిపోతుంది, జంట శిఖరాలు రెండూ ఎదురుగా కనిపిస్తాయి. చివర నిటారు మెట్లున్న చోటికి మీరు వెళ్లండి, అత్తయ్యగారు కింద దృశ్యం దగ్గరే ఆగిపోవచ్చు. 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన ప్రదేశం అది. దూరం నుంచి చూసినా ఏమీ తక్కువ కాదు.

ఒక రోజు కాస్ట్రీస్ చూడాలనే ఉంటే సూఫ్రియేర్ రేవు నుంచి పడవ టాక్సీ మాట్లాడుకోండి. పడమటి తీరం గాలి మరుగున ఉంటుంది, సముద్రం సాధారణంగా నెమ్మదిగానే ఉంటుంది. కానరీస్ మలుపుల్లో పడే బాధ కన్నా అత్తయ్యగారికి ఇదే నయం. వాంతులు రాకుండా వేసుకునే మాత్ర మాత్రం బయలుదేరడానికి ముందే వేయించండి. మీవారు క్రికెట్ అభిమాని అయితే ఉత్తరపు కొసన గ్రోస్ ఐలెట్‌లో డారెన్ సామీ మైదానం చూడాలంటారు. సన్‌రైజర్స్ హైదరాబాద్ తరఫున ఆడిన ఆ సామీ పేరే దానికి పెట్టారు. 2024 టీ20 ప్రపంచ కప్‌లో ఆస్ట్రేలియా మీద రోహిత్ 92 కొట్టిందీ అక్కడే. సరే కానీ, మ్యాచ్ లేని రోజు ఖాళీ మైదానం కోసం తోట నుంచి అంతదూరం పోవడం నాకు దండగనిపిస్తుంది. సామీ సొంతూరైన ఆ మీకూ ఊరు మాత్రం తూర్పు దారిలో వ్యూ ఫోర్ట్‌కు దగ్గరే. తిరుగు ప్రయాణం రోజు సమయం మిగిలితే అటు ఒక చుట్టు వేయవచ్చు. మీవారి పెట్టెలో సైనికుల మచ్చల రంగు నిక్కర్లు, టోపీలు ఉంటే ఇంట్లోనే తీసేయండి. ఆ దేశంలో పౌరులు అలాంటి బట్ట కట్టడం చట్టవిరుద్ధం, చిన్నపిల్లలకైనా సరే.

చివరగా మామయ్యగారి జేబులు. ఏ రైతైనా మంచి కాయ కనిపిస్తే రెండు గింజలు రుమాలులో కట్టుకుంటాడు. ఇక్కడ మాత్రం వద్దని కచ్చితంగా చెప్పండి, మీరు చెబితే వినరనుకుంటే మీవారి చేత చెప్పించండి. అమెరికా ఖండాల కోకోను పీడించే విచెస్ బ్రూమ్, ఫ్రాస్టీ పాడ్ అనే శిలీంధ్ర తెగుళ్లు మన దేశంలో లేవు. 1989లో విచెస్ బ్రూమ్ బ్రెజిల్‌లోని బహియా తోటల్లోకి చొరబడ్డాక అక్కడి కోకో కుప్పకూలింది. గింజతోనో, కాయ తొక్కతోనో, చెప్పుల మట్టితోనో అలాంటిది ఏలూరు జిల్లాకు చేరితే ఆయన తోట ఒక్కటే పోదు. తోటలో తిరిగిన చెప్పులు అక్కడే సబ్బుతో కడిగి ఎండబెట్టండి. కుదిరితే ఆ నాలుగు రోజులకు విడిగా ఒక పాత జత కేటాయించి అక్కడే పారేసి రండి. గుర్తుగా తెచ్చుకోవడానికి కోకో కడ్డీలు ఉన్నాయి కదా. వేయించి, దంచి, చుట్టినవి కనుక వాటితో ఆ భయం లేదు. చుట్టు కాగితం మీద తయారీ వివరాలున్న ప్యాకెట్లే కొనండి, అమెరికాలో దిగగానే కస్టమ్స్ వారు అడగకముందే ఉన్నాయని చెప్పండి.